నిదానానికి టైము చాలలేదు

ఆ వీధిలో ఆమెను అందరూ బ్రేకమ్మ అంటారు. డ్రైవింగ్ నేర్పే కారులో నేర్పేవాళ్ల సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఆమె కుడికాలు ఏళ్ల తరబడి దాని మీదే కాపురం చేస్తోంది. సినిమా హాల్లో కూర్చున్నా సరే, తెర మీద కారు మలుపు తిరిగిందంటే చాలు, ఆమె కాలు నేలను గట్టిగా తొక్కుతుంది. ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు. పక్కనున్న భర్త, "మా ఆవిడ బండి ఆపుతోందండీ, ఏమనుకోకండి" అని సర్దిచెబుతాడు.

నిలకడ అనేది ఆమె ఒంట్లో పుట్టనేలేదు. చిన్నప్పుడు మోకాలికి దెబ్బ తగిలితే పక్కు రాలేదాకా ఆగేది కాదు, గిల్లి చూసేది. పొయ్యి మీద గిన్నె పెడితే మూత తీసి చూడటమే పని. నవల తెచ్చుకుంటే ముందు చివరి పేజీ. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే నాన్న ఆమెకు చదరంగం నేర్పాడు. ఆయన ఒక్కో ఎత్తుకు గడ్డం గోక్కుంటూ కూర్చునేవాడు. ఈలోగా ఈ పిల్ల మేడెక్కి దిగి, పక్కింటి పిల్లిని పలకరించి, రెండు పెరళ్లు చుట్టి వచ్చేది. వచ్చేసరికి కూడా ఆయన చెయ్యి ఇంకా గడ్డం మీదే.

"నిదానమే ప్రధానం తల్లీ" అనేవాడు నాన్న.

"మీది నిదానం కాదు నాన్నా, నిద్ర" అనేది కూతురు. అయినా ఎప్పుడూ ఆయనే గెలిచేవాడు.

పెద్దయ్యాక కంప్యూటర్ కోర్సు చదివింది. బుర్ర పాదరసం, ప్రోగ్రాములు ఇట్టే రాసేది. ఒక ఆఫీసులో ఉద్యోగం కూడా దొరికింది. కానీ పొద్దున్నుంచి సాయంత్రందాకా కుర్చీలో కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. "ఈ పిల్ల కుర్చీలో ముళ్లేమైనా ఉన్నాయేమో చూడండయ్యా" అని పై అధికారి నవ్వులాటకు అన్నాడు. ఆ మాట పట్టుకుని ఆమె నిజంగానే మానేసింది. డ్రైవింగ్ స్కూల్లో నేర్పే పనికి చేరింది. అక్కడ కూర్చున్నా ఊరు కదులుతూ ఉంటుంది.

ఆ తర్వాత చాలా ఏళ్లకు, ఇంట్లో మెట్ల మీద పరుగెత్తబోయి కాలు విరగ్గొట్టుకుంది. కాలికి సిమెంటు కట్టు వేసి కదలొద్దన్నారు. కదలొద్దంటే పిచ్చెక్కిపోయే మనిషి, ఏం చేస్తుంది? కట్టు వేసిన కాలు స్టూలు మీద పెట్టుకుని చదరంగం ఆడే ప్రోగ్రాము, ఇంజన్ అంటారు, అలాంటిది ఒకటి రాయడం మొదలుపెట్టింది. కట్టు విప్పే నాటికి అది తప్పుల్లేకుండా ఆడుతోంది, విప్పిన కొన్నాళ్లకు ఆమెనే ఓడిస్తోంది. నాన్న అప్పటికి లేడు. ఆయన మాట గుర్తుకొచ్చి దానికి 'నిదానం' అని పేరు పెట్టింది.

ఇలాంటి ఇంజన్లు రాసుకునే పిచ్చివాళ్లు ఇంకా ఉన్నారని ఆమెకు నెట్‌లో తెలిసింది. వాళ్లందరికీ పెద్దదిక్కు ఒక రిటైరైన పోస్టుమాస్టరు. ఏటా ఒకసారి తలా ఒకరు తమ ఇంజన్‌ను ఆయనకు పంపేవారు. ఆయన తన ముందుగదిలోని కంప్యూటర్లో వాటిని జతలు జతలుగా ఆడించి, ఆటలను నెట్‌లో అందరికీ చూపించేవాడు. ఒకటే యంత్రం, ఒకటే గడియారం, ఎవరికీ ఎక్కువతక్కువలు లేవు. గడియారం దగ్గర మనిషికైనా ఇంజన్‌కైనా నియమం ఒకటే. ఆట మొత్తానికి ఇంత టైము అని ఇస్తారు, దాన్ని ఏ ఎత్తుకు ఎంత వాడుకుంటావో నీ ఇష్టం. అది కాస్తా అయిపోతే, ఎంత గెలిచే స్థితిలో ఉన్నా నువ్వు ఓడినట్టే.

బ్రేకమ్మ కూడా పంపడం మొదలుపెట్టింది. ఒక ఏడు నిదానానికి చివరి ఆట ఒక పళ్ల డాక్టరు ఇంజన్‌తో పడింది. అది అంతకుముందు రెండేళ్లు వరసగా గెలిచిన ఇంజన్. నిదానం దాన్ని నెమ్మదిగా మూలకు నెట్టి, ఒక ఏనుగు ఎక్కువ సంపాదించుకుంది. చూస్తున్నవాళ్లు బ్రేకమ్మకు ముందే అభినందనలు పంపడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడు నిదానం ఆలోచనలో పడింది. పడింది, ఇక లేవలేదు. గడియారం కరిగిపోతోంది. బ్రేకమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆ రోజు ఆమె కాలు బ్రేకు కోసం కాదు, యాక్సిలరేటర్ కోసం వెతుక్కుంది.

"వెయ్యవే! ఏదో ఒకటి వెయ్యవే!" అని తెరను బతిమాలింది.

గడియారం సున్నాకు వచ్చింది. నిదానం ఓడిపోయిందని పోస్టుమాస్టరు కంప్యూటర్ ప్రకటించింది. చూస్తున్నవాళ్లలో ఎవరో రాశారు: "నిదానానికి టైము చాల్లేదట. పేరు పెట్టినవాళ్లననాలి."

ఆమె వెంటనే ఫోన్ తీసింది.

"మాస్టారూ, మీ కంప్యూటర్ నా ఇంజన్‌ను మధ్యలో ఆపేసింది."

"ఆపలేదమ్మా. మిగతావాళ్లవీ దాని మీదే ఆడాయి కదా."

"వెనకాల ఇంకేదో పని చేసుకుంటూ ఉండి ఉంటుంది. పాత యంత్రం కదా, తట్టుకోలేకపోయింది."

"ఆట నడుస్తున్నంతసేపు నేను దాన్ని ముట్టుకోను తల్లీ. మౌస్ కూడా తీసి బల్ల కింద పెడతాను. మీ ఇంజన్‌ను ఎవరూ ఆపలేదు. అది కూర్చుని ఆలోచించింది. ఎందుకు అంతసేపు ఆలోచించిందో మీరే కనుక్కోవాలి."

"నా ఇంజన్ సంగతి నాకు తెలీదంటారా?" అని ఫోన్ పెట్టేసింది. పెద్దాయనతో అలా మాట్లాడకూడదని తెలుసు. కానీ కోపం దిగడానికి చోటు దొరకలేదు.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. ఎవరికీ అంటే ఆమెకే. భర్తకు నిద్ర తక్కువైన రోజు ఆ దంపతుల చరిత్రలో లేదు. ఆయన నీళ్ల పంపింగ్ స్టేషన్‌లో ఆపరేటరు. మీటరు ముల్లు పడిపోతే లేస్తాడు, పడిపోకపోతే కూర్చునే ఉంటాడు. ఆ కూర్చోవడాన్ని చూసే నాన్న ఈ సంబంధం ఖాయం చేశాడని ఆమె అనుమానం.

ఇంజన్ బాగుపడిందో లేదో తెలుసుకోవడానికి ఒకటే దారి ఉంది. మార్చిన దాన్ని పాత దాంతో ఆడించాలి. ఒక ఆట కాదు, రెండు కాదు, వందలూ వేలూ. ఎందుకంటే రెండూ దాదాపు సమానమే, అదృష్టం కొద్దీ అటూఇటూ గెలుస్తూ ఉంటాయి. అన్ని ఆటలు పెద్దవి ఆడిస్తే నెలలు పడుతుంది కాబట్టి, కళ్లు మూసి తెరిచేలోపు అయిపోయే మెరుపు ఆటలు ఆడిస్తారు. ఆ మెరుపు కూడా బ్రేకమ్మకు చాలలేదు. ఆమె కంప్యూటర్ ఒకేసారి నాలుగు ఆటలు హాయిగా మోయగలదు. ఆమె డజను ఎక్కించింది. నలుగురు పట్టే కారులో డజనుమందిని కుక్కితే నిలబెట్టి చీవాట్లు పెట్టే మనిషి, ఇక్కడ మాత్రం మారు ఆలోచన లేకుండా కుక్కింది.

అంతటితో ఆగిందా? ఆటలు నడుస్తుంటే ఒక్కొక్కటీ తెరిచి చూసేది. ఇది మూసి అది తెరిచేది, గ్రాఫు గీయించేది, మధ్యలో పాత ఆటలు తిరగేసేది. లేచి వంటింట్లోకి వెళ్లి, గిన్నె మూత తీసి చూసి, మళ్లీ వచ్చి స్కోరు చూసేది. కొత్త ఇంజన్ నాలుగు ఆటలు వరసగా గెలిస్తే, "చాల్లే, ఇది బాగుంది" అని టెస్టు ఆపేసి దాన్నే ఉంచుకునేది. నాలుగు ఓడితే "ఛీ" అని చెరిపేసేది.

ఆ ఆటల్లో టైము అయిపోయి ఓడిపోవడం కనిపించింది. ఒకటీ అరా కాదు, బోలెడు. "చూశారా, రోగం దొరికింది!" అంది భర్తతో. టైము పూర్తిగా అయిపోకముందే ఎత్తు వేసెయ్యమని ఇంజన్‌కు కొంచెం జాగ్రత్త నేర్పింది. ఓటములు తగ్గలేదు. ఇంకొంచెం నేర్పింది. ఇంకా నేర్పింది. చివరికి నిదానం ఎలా తయారైందంటే, ఆట మొదట్లోనే ఎవరో తరుముతున్నట్టు ఎత్తులు విసిరేస్తోంది. బంట్లు పోతున్నాయి, గుర్రాలు పోతున్నాయి. టైము మాత్రం దండిగా మిగులుతోంది. అయినా మధ్యమధ్యలో టైముకే ఓడిపోతోంది!

"ఇదేం చోద్యమండీ" అంది తల పట్టుకుని.

"నీ పెంపకం" అన్నాడు భర్త పేపరు మడుస్తూ.

ఆయన చెల్లెలు విత్తనాలు పరీక్షించే ల్యాబులో పనిచేస్తుంది. ఓ ఆదివారం వచ్చి, వదిన తెర ముందు లేవడం కూర్చోవడం కాసేపు చూసింది.

"ఇప్పుడెందుకు ఆపేశావు వదినా?"

"గెలుస్తోందిగా! ఏడుకు మూడు."

"పది ఆటలకేనా? మా దగ్గర ట్రేలో ముందు మొలిచిన నాలుగు గింజలు చూసి బస్తా మంచిదని రాస్తే, నన్ను ఉద్యోగంలోంచి పీకేస్తారు."

"మీ గింజలు కదలకుండా పడుంటాయమ్మా. నాకు పదిహేను రకాలు పరీక్షించాలి."

"మరి పదిహేనూ తప్పు తేలితే?"

ఆడపడుచు మాట నిజమని బ్రేకమ్మకు లోపల తెలుసు, కానీ నిజమని ఒప్పుకుంటే కూర్చోవాలి. కూర్చోవడం కంటే ఇంకో వెర్షన్ రాయడం తేలిక.

ఆ రోజుల్లో ఆమె దగ్గర కారు నేర్చుకుంటున్నవాళ్లలో ఒక ఆస్పత్రి సిస్టర్ ఉండేది. ఇంకొన్నాళ్లలో రిటైరయ్యే వయసు. డ్యూటీ దిగాక బస్సు కోసం నిలబడటం ఇక చాలనుకుని, పట్టుబట్టి నేర్చుకుంటోంది. స్టీరింగ్ చక్కగా తిప్పేది, గేర్లు మెత్తగా మార్చేది. కూడలి దగ్గర బండి ఆగవలసిన చోట ఆగేది. బ్రేకమ్మ ఆమెను ధీమాగా లైసెన్సు పరీక్షకు పంపింది.

పరీక్ష తీసుకునే అధికారి పక్కన కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. మొదటి కూడలిలో సిస్టర్ కారు గీత దాటి నడిరోడ్డు మీదికి వెళ్లిపోయింది. లారీవాడు హారన్ కొట్టి తిట్టుకుంటూ పక్కకు తిప్పాడు కాబట్టి సరిపోయింది. అధికారి ఆమెను అక్కడే దింపేశాడు.

బయట ఎదురుచూస్తున్న బ్రేకమ్మ దగ్గరికి సిస్టర్ నడిచి వచ్చింది.

"సిస్టర్, ఏమైంది? కంగారుపడ్డారా?"

"కంగారేం లేదు. రోజూ ఎంత నొక్కుతానో అంతే నొక్కాను. కారు ఆగలేదు." ఆమె బ్రేకమ్మ కాళ్ల వంక చూసింది. "మేడమ్, ఇన్నాళ్లూ ఆపింది నేను కాదు. మీరు."

"లేదు సిస్టర్, నేను ఎప్పుడో అవసరమైతే తప్ప..."

"మీకు తెలీదు. మీ కాలు దానంతటది పోతుంది. నాకు రాలేదనే సంగతి నాకూ తెలీనివ్వలేదు, మీకూ తెలీలేదు. ఇవాళ లారీ కింద పడితే తెలిసేది."

గొంతు పెంచకుండా అంది. అరిచినా బాగుండేదనిపించింది బ్రేకమ్మకు. ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా ముందుగదిలో అటూ ఇటూ తిరిగింది. మనసు మనసులో లేదు. అలవాటుగా కంప్యూటర్ ముందు వాలి ఒక టెస్టు ఎక్కించింది, చూడబుద్ధి కాలేదు.

ఆ వారమే ఆడపడుచు ఇల్లు మారింది. సామాను సర్దడానికి దంపతులిద్దరూ వెళ్లవలసి వచ్చింది. బయల్దేరబోతుంటే భర్త కంప్యూటర్ మీద చెయ్యి పెట్టి, "ఇది పెనంలా కాలుతోంది. మనం లేనప్పుడు ఇల్లు అంటుకుంటే ఎవరు చూస్తారు? కాస్త బరువు తగ్గించు" అన్నాడు. విసుక్కుంటూనే ఆమె డజను ఆటలను నాలుగుకు తగ్గించి, టెస్టు మొదటినుంచి మొదలుపెట్టి తాళం వేసింది.

రెండు రోజులు పెట్టెలు మోసి, తెరలు కట్టి తిరిగొచ్చేసరికి టెస్టు మొత్తం పూర్తయి ఉంది. ఆమె జీవితంలో చివరిదాకా ఆడిన మొదటి టెస్టు అదే. ఫలితం చూసి కళ్లు నులుముకుంది. అన్ని వందల ఆటల్లో టైము అయిపోయి ఓడింది ఒక్కటి కూడా లేదు.

"ఏవండీ! నయమైపోయింది! చివరగా రాసిన మందు పనిచేసింది!"

సంతోషం పట్టలేక అదే ఇంజన్‌ను మళ్లీ ఆడించి చూసుకుందామని కూర్చుంది. డజను ఆటలు ఎక్కించింది, ఒక్కోటీ తెరిచింది. కాఫీ చల్లారేలోపే టైము ఓటములు మళ్లీ మొదలయ్యాయి. అదే ఇంజన్. అక్షరం మార్చలేదు.

ఆమె భర్త వైపు తిరిగింది.

"నేను ఇంట్లో లేకపోతే గెలుస్తుంది, నేనుంటే ఓడుతుందా?"

"నాకూ అంతే" అన్నాడు భర్త. నవ్వుతుందనుకున్నాడు. ఆమె నవ్వలేదు. ఆమె కళ్లు తన పాదం మీద ఉన్నాయి. కుర్చీ కింద, ఏమీ లేని గచ్చును అది తొక్కి పట్టుకుని ఉంది.

ఆ పాదాన్ని వెనక్కి లాక్కుంది. కుర్చీ జరుపుకుని, ఈసారి ఒక్కొక్కటీ విడదీసి చూసింది. డజను ఆటలు ఎక్కించి తెర ఆపేసి బయటికి వెళ్లింది: టైము ఓటములు చాలా. నాలుగు ఆటలు ఎక్కించి ఎదురుగా కూర్చుని తెర మీద ఒక్కో ఆటనూ తెరుస్తూ మూస్తూ ఉంది: తక్కువే కానీ ఉన్నాయి. నాలుగే ఎక్కించి ముట్టుకోకుండా వదిలేసింది: ఒక్కటీ లేదు. దొంగలు ఇద్దరు. ఒకటి తన తొందర, రెండోది తన చూపు. కిక్కిరిసిన యంత్రంలో వంతు కోసం ఎదురుచూస్తూనే పాపం నిదానం గడియారం కరిగిపోయేది. తను తొంగిచూసినప్పుడల్లా యంత్రం దాని పని ఆపి తన పని చేసేది. మెరుపు ఆటల్లో ఆ కాస్త చాలు, ప్రాణం పోవడానికి.

అంటే సంవత్సరమంతా చేసిన పరీక్షలన్నీ బూడిదలో పోసిన పన్నీరే. ఉంచుకున్న వెర్షన్లలో ఏది మంచిదో, చెరిపేసిన వాటిలో ఏ మాణిక్యం పోయిందో దేవుడికే తెలియాలి. లేని రోగానికి మందు మీద మందు పోసి, మంచి ఇంజన్‌ను బెదురుగొడ్డును చేసింది.

అసలు చిక్కు ఇంకా అలాగే ఉంది. పోస్టుమాస్టరు నాలుగు ఆటలు కూడా ఎక్కించడు, ఒక్కటే ఆడిస్తాడు. మౌస్ సైతం తీసి దాచే మనిషి. మరి ఆయన దగ్గర నిదానం ఎందుకు ఓడింది?

ఆమె ఈ మార్పులన్నిటికీ ముందున్న ఇంజన్‌ను, పళ్ల డాక్టరు చేతిలో ఓడినదాన్నే, మళ్లీ బయటికి తీసింది. మెరుపు ఆటల్లో అది ఒక్కసారీ టైముకు ఓడలేదు. ఇక మిగిలింది పెద్ద ఆటలు. పోస్టుమాస్టరు ఇచ్చే టైమంత టైము ఇచ్చి, రోజుల తరబడి ఆడించాలి. చూడకూడదు.

"నావల్ల కాదండీ" అంది భర్తతో, నిజాయితీగా.

మర్నాడు డ్యూటీకి వెళ్తూ ఆయన కంప్యూటర్ తెర వైరు పీకి, చుట్ట చుట్టి, టిఫిన్ డబ్బా సంచిలో పడేసుకున్నాడు.

"అయ్యో, అదెక్కడికి?"

"పంపుల దగ్గరికి. అక్కడ దీనికి పనేం లేదు, హాయిగా ఉంటుంది."

ఆ రోజులు ఆమెకు ఎలా గడిచాయో చెప్పనలవి కాదు. నల్లగా ఉన్న తెర ముందు కూర్చుని, లోపల ఫ్యాను తిరిగే చప్పుడు వినేది. చప్పుడు పెరిగితే ఏదో జరుగుతోందని, తగ్గితే ఏదో అయిపోయిందని గుండె కొట్టుకునేది. బీరువా సర్దింది. సర్దిన బీరువా మళ్లీ సర్దింది. మార్కెట్టుకు వెళ్లి ఇంట్లో ఉన్నవే మళ్లీ కొనుక్కొచ్చింది. చివరికి కాళ్లు ఆమెను సిస్టర్ ఇంటికి తీసుకెళ్లాయి.

సిస్టర్ తలుపు తీసి గుమ్మంలోనే నిలబడింది.

"ఇక నేర్చుకోను మేడమ్. ఆ భయం పోవట్లేదు."

"నాకూ పోవట్లేదు సిస్టర్. ఒక్కసారి రండి. ఈసారి నేను కాళ్లు వెనక్కి పెట్టుకుంటాను. ప్రాణం మీదికొస్తే తప్ప ముట్టుకోను."

"ఉండగలరా?"

"ఏమో. మీరు చూస్తూ ఉండండి, కదిలిస్తే తిట్టండి."

ఖాళీ వీధుల్లో, చాలా నెమ్మదిగా మొదలుపెట్టారు. బ్రేకమ్మ రెండు పాదాలూ సీటు కిందికి మడిచి, ఒకదాని మీద ఒకటి వేసి బిగించుకుంది. మొదటి మలుపులోనే కుడికాలు బయటికి వచ్చేసింది. "కాలు!" అంది సిస్టర్, ఇంజెక్షన్‌కు బెదిరే పేషెంటును గదమాయించినట్టు. కాలు లోపలికి పోయింది. ఇంకో వీధిలో ఓ సైకిలు పక్కసందులోంచి ఉన్నట్టుండి అడ్డం వచ్చింది. బ్రేకమ్మ పళ్లు బిగపట్టి రెండు చేతులతో తన మోకాలినే అదిమిపట్టింది. కారు ముందుకు ఊగి, ఒక్క కుదుపుతో ఆగింది. సైకిలువాడు చూసుకోనైనా లేదు, వెళ్లిపోయాడు.

ఇద్దరూ కాసేపు ఊపిరి తీసుకున్నారు.

"ఇది మీరేనా?" అని అడిగింది సిస్టర్.

"కాదు సిస్టర్. నా చెయ్యి చూడండి, నా మోకాలి మీదుంది. మీరే."

సిస్టర్ స్టీరింగ్ మీద తల వాల్చి ఏడ్చేసింది. తర్వాత కళ్లు తుడుచుకుని బండి మళ్లీ స్టార్ట్ చేసింది. ఆ నెలాఖరులో లైసెన్సు వచ్చింది.

పెద్ద ఆటల టెస్టు ముగిసిన రోజు భర్త వైరు తెచ్చి తగిలించాడు. నూరు ఆటల్లో మూడింటిలో ఆ పాత ఇంజన్ టైము అయిపోయి ఓడింది. మూడూ గెలిచే ఆటలే. ఇన్ని నెలల్లో మొదటిసారి బ్రేకమ్మ ఏమీ మార్చలేదు. ఏ ఎత్తు దగ్గర ఎంతసేపు, ఎందుకు ఆగిందో ఇంజనే తెర మీద చెప్పేలా చేసి, ఆ మూడు ఆటలనూ ఎత్తు ఎత్తుగా మళ్లీ నడిపింది.

తప్పు ఆమె రాతలోనే ఉంది. ఒక ఎత్తు మంచిదనుకుని, అంతలో ఇంకోటి నచ్చితే, కాస్త ఎక్కువసేపు ఆలోచించుకోవడానికి ఇంజన్‌కు ఆమె అనుమతి ఇచ్చింది. అది మంచిదే. కానీ మనసు మారినప్పుడల్లా నిదానం మళ్లీ అడిగేది, అడిగినంతా తనకు తానే మంజూరు చేసుకునేది. మొత్తం గడియారంలో ఎంత మిగిలిందో చూసుకునేది కాదు. గెలుపుకు దారులు అనేకం ఉన్నచోటే దాని మనసు ఎక్కువగా మారేది. ఇదా అదా, అదా ఇదా అంటూ ఉండగానే పుణ్యకాలం కాస్తా దాటిపోయేది. మెరుపు ఆటల్లో అన్నిసార్లు మనసు మార్చుకోవడానికి వ్యవధే ఉండదు. అందుకే ఏడాదంతా ఆ తప్పు ఆమెకు చిక్కలేదు.

ఎన్నిసార్లు మనసు మారినా ఇంతకు మించి వాడొద్దని ఆ పాత ఇంజన్‌కే ఒక హద్దు పెట్టింది. రాయడానికి పట్టింది కాసేపే. అది నిలబడుతుందో లేదో తేల్చుకోవడానికి మాత్రం వైరు మళ్లీ పంపుల దగ్గరికి వెళ్లవలసి వచ్చింది. ఈసారి ఆమే చుట్టి సంచిలో పెట్టింది. ఫలితం శుభ్రంగా వచ్చాక పోస్టుమాస్టరుకు ఫోన్ చేసింది.

"మాస్టారూ, మీ యంత్రం తప్పేం లేదు. నేనే నోరు జారాను."

"మంచిదమ్మా" అన్నాడాయన. "ఇంజన్ త్వరగా పంపండి, గడువు దగ్గరపడింది." అంతే. ఆయన దాన్ని ఎప్పుడో మర్చిపోయినట్టుంది. ఇన్నాళ్లూ మోసింది తనొక్కతేనని ఆమెకు కాస్త చిన్నతనం కూడా కలిగింది.

ఆ ఏడు పోటీలో నిదానం గొప్పగా ఏమీ ఆడలేదు. సంవత్సరమంతా పిచ్చి మందులకే పోయింది కాబట్టి, దాని బలం పెరగలేదు. మిగతావాళ్లవి పెరిగాయి. పట్టికలో నడిమధ్యన తేలింది. కానీ ఒక్క ఆట కూడా టైముకు ఓడలేదు. పళ్ల డాక్టరు ఇంజన్‌తో ఆట పడిన మధ్యాహ్నం బ్రేకమ్మ కారు పాఠాలు మానుకుని తెర ముందుంది. పోస్టుమాస్టరు కంప్యూటర్లో నడిచే ఆటను తను ఎంత చూసినా దానికి నష్టం లేదు. ఇంట్లో చూడకుండా బిగబట్టుకున్నదంతా ఆ రోజు తీర్చుకుంది. నిదానం మొదట్లోనే ఒక బంటు పోగొట్టుకుంది. ఇక అక్కడి నుంచి వెనక్కి వెనక్కి తగ్గుతూ, అడ్డుపడుతూ, గడియారంలో టైము అడుగంటేదాకా గంటల తరబడి ఈడ్చింది. ఆమె కూర్చోలేదు, నిలబడలేదు. గుమ్మానికీ కిటికీకీ మధ్య దారి అరగదీసింది. చివరికి రెండు రాజులూ, కదలలేని కొన్ని బంట్లూ మిగిలి ఆట డ్రా అయింది.

కాసేపటికి ఫోన్ మోగింది. పళ్ల డాక్టరు. ఇన్నేళ్లలో ఆయన గొంతు వినడం అదే మొదలు.

"నమస్కారమండీ. ఒక సంగతి అడుగుదామని చేశాను. మధ్యలో మీ ఇంజన్ ఒక ఎత్తు దగ్గర చాలాసేపు ఆగింది చూడండి, రాజును మూలకు జరిపినప్పుడు. నాకు అర్థం కాలేదు. గుర్రంతో కొట్టెయ్యొచ్చు కదా? అందరం అదే అనుకున్నాం. మూలకు జరపబట్టే మీరు బతికిపోయారని ఇప్పుడు తెలుస్తోంది. దానికి అది ఎలా తెలిసింది?"

"ఏమో డాక్టరు గారూ. అంత దూరం చూడటం నేను నేర్పలేదు."

"మరి?"

"నాకూ తెలీదు."

ఇద్దరూ ఆ స్థితిని ఎదురెదురుగా పెట్టుకుని, ఆయన తన క్లినిక్‌లో, ఆమె ముందుగదిలో తిరుగుతూ, గుర్రంతో కొడితే ఏమయ్యేదో వెతకడం మొదలుపెట్టారు. ఆయన ఒక దారి చెప్పాడు, ఆమె కాదంది. ఆమె ఒకటి చెప్పింది, ఆయన దానికి అడ్డు చూపించాడు. మధ్యలో క్లినిక్‌లో ఎవరో పంటినొప్పితో మూలుగుతున్న చప్పుడు వినిపించింది.

"ఎవరో వచ్చినట్టున్నారండీ" అంది ఆమె.

"వచ్చారు, కూర్చోబెట్టాను. ఒక్క నిమిషం, ఇక్కడ శకటు ఇలా వస్తే?"

"పాపం, ముందు వాళ్ల పన్ను చూడండి డాక్టరు గారూ" అంది బ్రేకమ్మ. అని మళ్లీ తనే, "శకటు వస్తే నేను బంటు తోస్తాను. తోశాక చెప్పండి, ఏం చేస్తారో" అంది.